మా ఇంటి భోజనానికి రంగు లేదు. ఏం మార్చాలి?

కోటవీధి (విజయనగరం), మే 14, ఉదయం 6.50

అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక తెలివితక్కువ పని చేశాను, ముందు అది చెప్పేస్తాను. యాంటీఆక్సిడెంట్లు పుష్కలమని ఎవరో చెబితే ఎండు బ్లూబెర్రీల పొట్లం తెప్పించాను. అరచేతిలో పట్టేంత పొట్లం, ఏడు వందల ఇరవై రూపాయలు. మా అమ్మకు 68 ఏళ్లు, షుగరు ఉంది. ఒకటి నోట్లో వేసుకుని, "నేరేడుపండు ఎండబెట్టి పాకంలో ముంచినట్టుందిరా" అంది. పొట్లం వెనక్కి తిప్పి చూస్తే నిజంగానే పంచదార కలిపారు. మిగిలినవి పిల్లలు ఒక్క పూటలో ఊదేశారు.

ఆ ఉక్రోషంతో వారం రోజులు ఏం వండామో గోడ క్యాలెండరు మీద రాశాను. సోమవారం బంగాళాదుంప వేపుడు, మంగళవారం దొండకాయ వేపుడు, బుధవారం అరటికాయ వేపుడు, గురువారం పప్పుచారు, శుక్రవారం మళ్లీ బంగాళాదుంప, శనివారం వంకాయ, ఆదివారం కోడికూర. ఆకుకూర ఒక్క రోజూ లేదు. పండ్లంటే దేవుడి ముందు పెట్టిన రెండు అరటిపండ్లు.

మా ఆవిడా నేనూ ఇద్దరం ఉద్యోగాలకు వెళతాం. ఎనిమిదిన్నరకల్లా నాలుగు క్యారేజీలు కట్టాలి. పచ్చి ఆకుల రసాలు, విదేశీ పండ్లు మావల్ల కావు. ఇక్కడ దొరికేవి, రోజూ తినే అన్నం కూరల్లో కలిసిపోయేవి చెప్పండి.

రైతుబజారు చిలుక (విజయనగరం), మే 14, ఉదయం 7.25

మీ వారమే మా వారం. కాకపోతే మా ఇంట్లో గురువారం కూడా వేపుడే. దొండకాయ వేపుడు మానేయమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకండి, మా ఇల్లు రెండు ముక్కలవుతుంది.

గోగుపూలు (నెల్లిమర్ల దగ్గర), మే 14, మధ్యాహ్నం 2.10

కోటవీధి గారూ, వేపుడు ఉండనివ్వండి. పక్కన పప్పు ఎలాగూ వండుతారు కదా, అందులో ఆకు వేయడం మొదలుపెట్టండి. పప్పుకు ఆకు తోడైతే కొత్త కూర వండినట్టు కాదు, గిన్నె పెరగదు, పిల్లలు గొడవ చేసేందుకు వేరే వంటకం కనిపించదు.

మాది గోగు పండించే ఊరు. నార కోసం వేసే పంటే అయినా, నారు ఒత్తుగా మొలిచినప్పుడు పీకి పలుచన చేసిన మొక్కల లేత ఆకు ఇంటికి వచ్చేది. మా అమ్మమ్మ కాడ చూసి ఆకును వేరు చేసేది. ఎర్రకాడ గోంగూర పచ్చడికి, తెల్లకాడది పప్పుకు. ఆ ఎర్రదనమే ఇప్పుడు మీరు వెతుకుతున్న సరుకని మా అమ్మాయి చదువుకుని వచ్చి చెప్పింది. ఆంథోసయనిన్లు అంటారట. నేరేడుకు, నల్లద్రాక్షకు, మీ ఏడు వందల ఇరవై రూపాయల పొట్లానికి రంగునిచ్చేవి కూడా అవే.

నేను రాత్రి టీవీ ముందు కూర్చుని ఆకు ఒలుస్తాను. కడగను. పొడి నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను. ఉదయం ముందు కడిగి ఆ తర్వాత తరుగుతాను. తరిగాక కడిగితే సి విటమిన్ నీళ్లతో పోతుంది. పప్పు ఉడికిన తర్వాత ఆకు వేసి మూత పెట్టి అయిదారు నిమిషాలు ఉంచితే చాలు. ఆకు ఉడికిన నీళ్లు పారబోయకండి. తాలింపుకు నూనె తప్పదు, ఆకులోని కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది) ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. నిమ్మకాయ పిండేది దించిన తర్వాతే.

మునగాకు సంగతి వేరు. అందరూ ఒలవలేక మానేస్తారు. సాయంత్రం రెమ్మలు కోసి గుడ్డలో గట్టిగా మూటకట్టి పెట్టండి. తెల్లారి విప్పి దులిపితే ఆకులు వాటంతట అవే రాలిపడతాయి. ఈనెలు ఏరేస్తే సరి. తెలగపిండితో కలిపి వండండి. ఆషాఢం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఇంకో మాట. గోంగూర, చింతపండు లాంటి పులుపు వంటలు కళాయి (తగరం పూత) లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో వద్దు. రాగి తగిలితే సి విటమిన్ తొందరగా నశిస్తుంది, పులుపుకు రాగి కూరలోకి దిగుతుంది కూడా. ఈ మధ్య ముచ్చటకు రాగి గిన్నెలు కొంటున్నారు కాబట్టి చెబుతున్నాను.

పాత సుద్దముక్క (ఆమదాలవలస), మే 14, రాత్రి 9.05

ముప్పై రెండేళ్లు సైన్సు చెప్పినవాణ్ణి. యాంటీఆక్సిడెంటు అన్న మాట కనిపించగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

మనం పీల్చే ఆక్సిజన్‌తో ఒంట్లో పనులు జరిగేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. అవి పక్కవాటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి. తమ ఎలక్ట్రాన్‌ను ఇచ్చి వాటిని చల్లబరిచేవి యాంటీఆక్సిడెంట్లు. సి, ఇ విటమిన్లు, కెరోటిన్లు, ఆకుల్లో పండ్లలో ఉండే పాలీఫినాల్స్ అన్నీ ఆ జాబితాలోవే. ఇంతవరకు పాఠం.

పాఠంలో చెప్పనిది ఒకటుంది. ఏ పండుకు ఎంత యాంటీఆక్సిడెంటు శక్తి ఉందో పరీక్షనాళికలో కొలిచి మార్కులు వేసేవారు. అమెరికా వ్యవసాయ శాఖ కూడా అలాంటి పట్టిక పెట్టింది. నాళికలో వచ్చిన మార్కులకు ఒంట్లో జరిగేదానికి పొంతన లేదని, అమ్మకందారులు ఆ అంకెలను వాడుకుంటున్నారని 2012లో దాన్ని తీసేసింది. పొట్లాల మీద ఇంకా ఆ మార్కులే తిరుగుతున్నాయి.

మాత్రల కథ మరీ విడ్డూరం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్ష చేశారు. బీటా కెరోటిన్ మాత్ర ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో ఇలాంటిదే మరో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. క్యారెట్టు తిన్నవాడికి మేలు జరిగిందంటే, అందులోంచి ఒక్క పదార్థం పిండి బిళ్ల చేస్తే అదే మేలు జరగాలని లేదు.

కాబట్టి మార్కులు మరచిపోయి పళ్లెం చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. నాలుగు వందల గ్రాములంటే ఎంతో ఒకసారి తూచి చూడండి, కళ్లు తిరుగుతాయి. మనం అన్నంలో నంజుకునే కూర అందులో మూడోవంతు ఉంటే గొప్ప.

సి విటమిన్ కావాలంటే జామకాయ. వంద గ్రాముల్లో రెండు వందల మిల్లీగ్రాములు దాటుతుంది, నారింజలో నలభై పైచిలుకు మాత్రమే. ఇరవై రూపాయల జామకాయల ముందు నారింజ తలవంచుకోవాలి.

పిల్లలకు ఒక సరదా. నేరేడు రసంలో చిటికెడు వంటసోడా వేయండి, ఊదారంగు నీలిపచ్చగా మారుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ ఎరుపెక్కుతుంది. మా బడిలో లిట్మస్ కాగితాలు అయిపోయిన సంవత్సరాల్లో ఇదే మా ప్రయోగశాల.

జిల్లా మారిన మనిషి (రాజాం), మే 15, ఉదయం 8.00

మాస్టారూ, జామ బాగుంది, మరి ఉసిరి మాటేమిటి? మా నాయనమ్మ ఆదివారం ఉసిరి ముట్టనివ్వదు, రాత్రిపూట అసలే ముట్టనివ్వదు. 2022లో మా రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది, జిల్లా మారినా ఆమె పట్టింపు మారలేదు.

పాత సుద్దముక్క (ఆమదాలవలస), మే 15, ఉదయం 8.40

మిగిలిన ఆరు రోజులు, పగటిపూట తినండి. నాయనమ్మతో వాదించి సాధించేదేమీ లేదు. ఉసిరిలో సి విటమిన్ జామకన్నా కొంచెం ఎక్కువే. పులుపు వల్ల పచ్చడిలో కూడా కొంత నిలుస్తుంది. కానీ నిల్వ పచ్చడిలో ఉప్పు చూసుకోవాలి. పచ్చి కాయలకు ఎలాగూ శీతాకాలం దాకా ఆగాలి.

జీడితోట (పలాస), మే 15, మధ్యాహ్నం 1.30

జామ, ఉసిరి అని మీరు కొట్టుకుంటుంటే నాకు నవ్వొస్తోంది. మా తోటల్లో నారింజకు నాలుగైదు రెట్ల సి విటమిన్ ఉన్న పండు కుప్పలుగా కుళ్లిపోతుంది. జీడిమామిడి పండు. మెలిపెట్టి పిక్క తీసుకుంటాం, పిక్కకు ధర ఉంది, పండుకు లేదు. కోసిన మర్నాటికే మెత్తబడి పులిసిపోతుంది కాబట్టి ఊరు దాటి వెళ్లదు. ఏప్రిల్‌లో తోటలోకి అడుగుపెడితే ఆ తియ్యటి పులిసిన వాసన తలకెక్కుతుంది.

గొంతు గీరుతుందని అందరూ భయపడతారు. అది టానిన్ల వగరు. ముక్కలు కోసి ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి, పది నిమిషాలు ఆవిరి పట్టి చల్లారనిస్తే గీర చాలావరకు పోతుంది. మిరియాల పొడి చల్లుకుని తినండి. తెల్ల బట్టలతో మాత్రం దగ్గరికి రావద్దు, ఆ మరక వదలదు.

ఈసారికి పండు అయిపోవచ్చింది. వచ్చే మార్చిలో ఎవరైనా ఇటు వస్తే సంచి నింపి పంపుతాను, ఉచితంగా.

కోటవీధి (విజయనగరం), మే 15, రాత్రి 8.20

ఇంత సమాధానం వస్తుందని అనుకోలేదు. ఇవన్నీ వరసగా రాసి మా చుట్టాలందరికీ ఫోనులో పంపుతున్నాను. రోజూ ఆకుకూర పప్పు, ఉడికిన నీళ్లు పారబోయకూడదు, వారానికి రెండుసార్లు మునగాకు, పూటకో పండు. సోంపేటలో మా మేనమామకు కిడ్నీల్లో ఏదో తేడా ఉందని మందులు వాడుతున్నాడు. ఆయనకైతే ముందుగా పంపాలి, బలం పుంజుకుంటాడు.

కొబ్బరాకు నీడ (కవిటి), మే 15, రాత్రి 8.52

కోటవీధి గారూ, మీ మేనమామకు పంపకండి. పంపేసి ఉంటే ఇప్పుడే ఫోను చేసి ఆగమని చెప్పండి.

కొబ్బరాకు నీడ (కవిటి), మే 15, రాత్రి 10.15

కంగారుపెట్టినందుకు ఏమీ అనుకోకండి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఈ పేర్లు మీరు పేపర్లో ఏ సందర్భంలో చదివి ఉంటారో మీకు తెలుసు. పొలం పని చేసుకునే మనుషులు, షుగరూ బీపీ లేనివాళ్లు కూడా కిడ్నీలు పోగొట్టుకుంటున్న ప్రాంతం. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లు, మట్టి పరీక్షించాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మా నాన్నగారు నాలుగేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు.

మీరు పైన మంచివని చెప్పుకున్న వాటిలో చాలావాటిలో పొటాషియం ఎక్కువ. ఆకుకూరలు, టమాటా, అరటిపండు, మునగాకు, వీటన్నిటికన్నా ముందు మా ఊరి కొబ్బరినీళ్లు. కిడ్నీ బాగుంటే అదనంగా ఉన్న పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. బాగా దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. నొప్పి ఉండదు, ముందుగా హెచ్చరిక ఉండదు. డయాలసిస్‌కు, డయాలసిస్‌కు మధ్య విరామం రెండు రోజులు వచ్చినప్పుడు మా అమ్మ వంటింట్లో ఎలా భయపడుతూ తిరుగుతుందో చూడాలి మీరు.

గోగుపూలు గారు ఉడికిన నీళ్లు పారబోయవద్దన్నారు. నిజమే, ఆరోగ్యవంతులకు. మా ఇంట్లో సరిగ్గా దానికి తలకిందులు. నాన్నగారి కూరను చిన్న ముక్కలుగా తరిగి, పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు వేస్తాం. విటమిన్ పోతుందని తెలుసు. పొటాషియం పోవడం కోసం విటమిన్‌ను వదులుకుంటున్నాం. నానబెట్టి ఊరుకుంటే పెద్దగా పోదు, ఉడికించి వంపాలి.

మొదట్లో మేమూ తప్పు చేశాం. ఒక చుట్టం వచ్చి, బీపీకి మంచిదని తక్కువ సోడియం ఉప్పు పొట్లం ఇచ్చి వెళ్లారు. నెల రోజులు వాడాం. అందులో సోడియం తగ్గించి ఆ చోట పెట్టేది పొటాషియమేనని రక్తపరీక్ష చూశాక డాక్టరుగారు చెబితే తెలిసింది.

ప్రకృతి బాట (శ్రీకాకుళం), మే 16, ఉదయం 5.40

మందుల వల్ల చెడిపోతారు గానీ ఆకులు, పండ్ల వల్ల ఎవరైనా చెడిపోతారా? దేవుడిచ్చిన ఆహారం హాని చేయదు. అనవసరంగా జనాన్ని భయపెట్టకండి.

కొబ్బరాకు నీడ (కవిటి), మే 16, ఉదయం 6.30

అయ్యా, నక్షత్రంలా అయిదు మూలలుండే కారంబోలా పండు కూడా దేవుడిచ్చిందే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు తింటే అందులోని విషం మెదడుకు ఎక్కుతుంది. ఆగని ఎక్కిళ్లతో మొదలై, మతి తప్పి, ఫిట్స్ వచ్చి, ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. అదే పండు మీరు తింటే ఏమీ కాకపోవచ్చు. తప్పు పండుది కాదు, ఎవరు తింటున్నారన్నది చూసుకోవాలి.

నేను భయపెట్టడం లేదు. ఇక్కడ మా వాళ్లు కొందరు భయంతో అన్ని పండ్లూ మానేసి, పప్పు మానేసి, గంజి తాగి ఎముకల గూళ్లయ్యారు. అది ఇంకో ప్రమాదం. కిడ్నీ కొంచెమే దెబ్బతిని పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లకు ఇంత కట్టడి ఉండకపోవచ్చు. రిపోర్టు చూసి డాక్టరుగారో పోషకాహార నిపుణులో చెప్పాలి. మా నాన్నగారికి రోజుకు ఒక చిన్న గిన్నెడు అనాస ముక్కలో, సగం ఆపిలో తినమన్నారు. సీతంపేట అనాస వచ్చే రోజుల్లో ఆ గిన్నె కోసం ఆయన చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తారు.

తెల్లకోటు (విజయనగరం), మే 16, మధ్యాహ్నం 3.00

నర్సుగా చేస్తున్నాను. ఇంకో రెండు. గుండె కవాటం మార్చుకుని వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన చేసే మాత్ర వాడేవాళ్లు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు. వాటిలోని కె విటమిన్ ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. రెండోది, సి విటమిన్ బిళ్లలు మోతాదు మించి మింగితే అది ఆక్సలేటుగా మారి కిడ్నీల్లో రాళ్లు కట్టే అవకాశం ఉంది.

నేరేడు గింజల పొడి తాగుతూ షుగరు మాత్ర మానేసిన వాళ్లను ప్రతి వేసవిలో చూస్తాను. పండు తినండి, మాత్ర కూడా వేసుకోండి.

పాత సుద్దముక్క (ఆమదాలవలస), మే 16, సాయంత్రం 6.45

కవిటి అబ్బాయికి చేతులెత్తి నమస్కారం. నాలుగు వందల గ్రాముల లెక్క అందరికీ ఒకటే అన్నట్టు రాశాను. అది ఆరోగ్యవంతుల లెక్క అని మొదటి వాక్యంలోనే ఉండాల్సింది. ఈ జిల్లాలో కూర్చుని ఆ మాట మరచిపోవడం నాలాంటి వాడికి తగదు.

గోగుపూలు (నెల్లిమర్ల దగ్గర), మే 16, రాత్రి 7.30

నాదీ అదే తప్పు. నాన్నగారిని అడిగినట్టు చెప్పు బాబూ. ఆయన గోంగూర తిని ఎన్నాళ్లయింది?

కొబ్బరాకు నీడ (కవిటి), మే 16, రాత్రి 8.05

రెండేళ్లయిందండీ. పండక్కి అడుగుతారు. అన్నంలో ఒక్క వేలికొస అంత రాసి ఇస్తుంది అమ్మ.

కోటవీధి (విజయనగరం), జూన్ 12, రాత్రి 9.40

నెలయింది. ఫలితం చెప్పి తీరాలి కదా.

కొత్త క్యాలెండరు కాగితం ఇలా ఉంది. వారంలో నాలుగు రోజులు పప్పులో ఏదో ఒక ఆకు: తోటకూర, బచ్చలి, గోంగూర, ఒక రోజు మునగాకు. మూటకట్టే చిట్కా నిజంగా పనిచేసింది, మా అబ్బాయి ఉదయం ఆ మూట దులపడానికే నిద్ర లేస్తున్నాడు. సాయంత్రం బడి నుంచి రాగానే జామకాయ. మొదటి వారం ఉప్పుకారం అద్దుకున్నారు, ఇప్పుడు వట్టిదే తింటున్నారు. ఎర్ర తోటకూర పెద్ద విజయం. అన్నం గులాబీ రంగుకు తిరుగుతుంది కాబట్టి మా పాప దానికి "పెళ్లి అన్నం" అని పేరు పెట్టింది.

ఓటములూ ఉన్నాయి. బీట్‌రూట్ కూర పెట్టిన మర్నాడు అమ్మ బాత్రూము నుంచి వణికిపోతూ వచ్చింది, మూత్రం ఎర్రగా ఉందని. ఆస్పత్రికి బయలుదేరబోతుంటే మా ఆవిడకు కూర గుర్తొచ్చింది. కొందరికి ఆ రంగు అలాగే బయటికి వస్తుందట. మా అమ్మ ఇక బీట్‌రూట్‌ను ఇంట్లోకి రానివ్వదు. క్యారెట్టు తురుము డబ్బా మూడు రోజులు నిండుగా వెళ్లి నిండుగా తిరిగొచ్చింది. దొండకాయ వేపుడు ఎక్కడికీ పోలేదు, చిలుక గారు నిశ్చింతగా ఉండవచ్చు.

సోంపేట మేనమామ పోయిన ఆదివారం వచ్చాడు. ముందే ఫోను చేసి రిపోర్టు ఫొటో పంపించుకుని తెల్లకోటు గారికి చూపించాను. ఆవిడ తాను చెప్పకూడదని, మావయ్య చూపించుకుంటున్న డాక్టరునే అడగమని అన్నారు. అడిగితే ఆకుకూరలు తగ్గించమని, కూరలు ఉడికించి వంపమని చెప్పారు. మా ఆవిడ పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో మాకు గోంగూర పప్పు. రెండోదాంట్లో సొరకాయ ముక్కలు, నీళ్లు వంపేసి, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు. మావయ్య రెండు గిన్నెల వైపూ చూసి, "నా కూరలోంచి వంపేసిన నీళ్లు వీళ్లకు పోశావా అమ్మాయ్?" అని అడిగాడు. మా ఆవిడకు ఏం చెప్పాలో తోచలేదు. మా అమ్మే కలగజేసుకుని సొరకాయ కూర తనకూ వేయమంది.

కొబ్బరాకు నీడ (కవిటి), జూన్ 12, రాత్రి 10.10

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

రైతుబజారు చిలుక (విజయనగరం), జూన్ 13, ఉదయం 6.15

గంటస్తంభం దగ్గర నేరేడు దిగింది. తట్టలో పైన ఉన్నవి చూసి మోసపోకండి, అడుగున ఉన్నవి చితికి ఉంటాయి, చెయ్యి పెట్టి చూడనిస్తేనే కొనండి. పుల్లటివి ముందు వస్తాయి, పది రోజులు ఆగితే కండ ఉన్నవి వస్తాయి.

కోటవీధి (విజయనగరం), జూన్ 13, ఉదయం 6.30

పది రోజులు ఆగే ఓపిక మా ఇంట్లో లేదు, ఇప్పుడే వెళుతున్నాను. షుగరు కాబట్టి అమ్మకు లెక్కపెట్టి పది ఇద్దామని నిర్ణయం. లెక్క దాటితే ఎవరూ చెప్పనక్కర్లేదు, సాయంత్రం నాలుక చూపించమంటాను.